చలానాలు నా ఫోన్‌కే వచ్చేవి

మోటారు వాహనాల చట్టంలోని 133వ సెక్షన్ కింద పోలీసులు బండి యజమానికి ఇచ్చే నోటీసు ఒక పేజీకి మించదు. అందులో అడిగే ముఖ్యమైన ప్రశ్న కూడా ఒక్కటే: ఫలానా రోజు, ఫలానా సమయానికి, ఫలానా నెంబరు గల వాహనాన్ని నడుపుతున్నది ఎవరు? 2023 నవంబరు 19, ఆదివారం మధ్యాహ్నం, బెంగళూరు ఉత్తరాన ఉన్న ఒక ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో, ఆ ఉదయం మా కారు చేసిన ప్రమాదం గురించి ఇచ్చిన ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని నేను ఇరవై నిమిషాలు కూర్చున్నాను. జవాబు తెలియక కాదు. పక్కనే నిలబడ్డ మా బావమరిది, "మీ ఆఫీసు డ్రైవర్ పేరు రాసేయండి బావా, వాడితో నేను మాట్లాడతాను, ఎలాగూ బెయిలబుల్ కేసే కదా" అని చెవిలో చెబుతున్నాడు. అతను చెడ్డవాడేమీ కాడు. అతని మేనల్లుడు, అంటే మా అబ్బాయి, ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నాడు, ఆపైన ఎం.ఎస్.కు అమెరికా వెళ్ళాలి, అతని ఆలోచన అంతా అక్కడే ఉంది. నా ఆలోచన కూడా ఆ ఇరవై నిమిషాలూ అక్కడే ఉందని ఒప్పుకోవాలి.

చివరికి మా అబ్బాయి పేరే రాశాను. అందులో నా గొప్పతనం ఏమీ లేదు. వాడు అప్పటికే సంఘటనా స్థలంలో కానిస్టేబుల్‌కు తనే నడిపానని చెప్పేశాడు, వెనక సీట్లో కూర్చున్న స్నేహితుడి ఫోన్‌లో వీడియో ఉంది, ఆ ఫోన్ పోలీసుల చేతిలో ఉంది. అబద్ధం రాసినా నిలిచేది కాదు. వీడియో లేకపోయుంటే ఏం రాసేవాడినో ఈనాటికీ ధైర్యంగా చెప్పలేను.

మాది హిందూపురం. నేను కారు నేర్చుకున్నది మా పెదనాన్నగారి మారుతి 800 మీద. దాని శక్తి 37 హార్స్‌పవర్. నలుగురిని ఎక్కించుకుని పెనుకొండ ఘాట్ ఎక్కాలంటే ఏసీ ఆపుకోవాల్సి వచ్చేది. 2022 దసరాకు నేను కొన్న కారుకు 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 150 పీఎస్ (ఇంచుమించు అన్నే హార్స్‌పవర్) శక్తి, ఆటోమేటిక్ గేర్లు ఉన్నాయి. నిలబడ్డ చోటు నుంచి నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి తొమ్మిది సెకన్లు చాలు. షోరూమ్‌లో ఆ మాట చెప్పినప్పుడు నా కన్నా మా అబ్బాయి కళ్ళు ఎక్కువ మెరిశాయి, నేను అది చూసి మురిసిపోయాను. మారతహళ్ళి నుంచి మాన్యతా టెక్ పార్కు వరకు గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో పాకే నాకు ఆ శక్తి దేనికని అప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. ఆరు నెలల తర్వాత వాడు ఒక గ్యారేజీలో ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించి ఆ 150ని 185 దాకా పెంచుకున్నాడన్న సంగతి నాకు ప్రమాదం తర్వాతే తెలిసింది. కుర్రాళ్ళ భాషలో దాన్ని "స్టేజ్ వన్" అంటారట. మా ఇంట్లో ఆ మాట చాలాసార్లు వినబడింది. చదువుకు సంబంధించినదేదో అనుకున్నాను.

తెలియని విషయం అది. తెలిసిన విషయం చలానాలు. కెమెరా తీసే వేగం చలానా బండి నడిపినవాడికి కాదు, రిజిస్ట్రేషన్‌లో ఉన్న మొబైల్‌కు వస్తుంది, అంటే నాకు. మొదటిది వచ్చినప్పుడు అరిచాను. రెండోదానికి సణిగాను. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం పాత ట్రాఫిక్ జరిమానాలకు 50 శాతం రాయితీ ప్రకటించినప్పుడు, 11వ తేదీ గడువు దాటకుండా బెంగళూరు వన్ కేంద్రం దగ్గర వరుసలో నిలబడి నాలుగు చలానాలు ఒకేసారి కట్టేశాను. నాలుగు వేలకు రెండు వేలు. ఆ రోజు ఇంటికి వెళ్ళి రెండు వేలు మిగిల్చానని మా ఆవిడతో చెప్పుకున్నాను. తర్వాత వచ్చిన ఐదింటిని ఫోన్‌లోనే, ఒక్కోటి వెయ్యి చొప్పున, కాఫీ తాగుతూ కట్టాను; కరెంటు బిల్లు, పాల బిల్లు, ఇదీ. మొత్తం తొమ్మిదిలో ఒకటి నాదే, విమానాశ్రయం రోడ్డు మీద ఎనభై ఉండాల్సిన చోట ఎనభై ఎనిమిది. ఆ ఒక్కటి ఉన్నందువల్లే మిగిలిన ఎనిమిదింటి గురించి గట్టిగా అడగడానికి నాకు నోరు రాలేదేమో.

ఆ ఆదివారం వాళ్ళు నలుగురు తెల్లవారుజామున నంది హిల్స్‌లో సూర్యోదయం చూడటానికి బయలుదేరారు. మధ్యాహ్నం రెండుకల్లా ఇంటికి రావాలి, అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్, అందరికీ నీలం చొక్కాలు. విమానాశ్రయం మలుపు దాటి దేవనహళ్ళి వైపు వెళ్ళాక రోడ్డు ఖాళీగా ఉంది. డివైడర్ మధ్య సందులో యూ-టర్న్ తీసుకుంటున్న ఒక మోటారు సైకిల్ వెనక భాగానికి కారు తగిలింది. ఆ బండి మీద ఉన్నది ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, విమానాశ్రయం కార్గోలో రాత్రి షిఫ్టు ముగించుకుని గదికి వెళుతున్నాడు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నందువల్ల మావాళ్ళకు గీతలు తప్ప ఏమీ కాలేదు. వాళ్ళలో ఒకడు వెళ్ళిపోదామన్నాడట. మా అబ్బాయి 108కి ఫోన్ చేసి అక్కడే కూర్చున్నాడు. వాడి గురించి నేను చెప్పగలిగిన మంచి మాట ఇదొక్కటే కాబట్టి దాన్ని దాచుకోలేదు. ఊపిరి పరీక్షలో మద్యం సున్నా అని తేలింది. అప్పట్లో మాకు అదొక పెద్ద ఊరటగా అనిపించింది. ఆలోచిస్తే, మత్తు లేకుండానే అంత పని చేశాడన్నమాట.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి గాయపడిన కుర్రాడి తండ్రి శ్రీనివాసపుర నుంచి బస్సులో వచ్చేశారు. కోలారు జిల్లా తెలుగు మాట్లాడే కుటుంబం, మూడెకరాల మామిడి తోట. నేను తెలుగులో మొదలుపెట్టగానే ఆయన ముఖం మెత్తబడుతుందని మూర్ఖంగా ఆశించాను. "తొడ ఎముక, కింద ఎముక, రెండూ పోయినాయంట. ఆపరేషన్‌కు లక్షా యాభై వేలు ముందు కట్టాలంటున్నారు. ఎవరు కడతారో ఆ మాట చెప్పండి సార్, తక్కినవి తర్వాత" అన్నారు. కట్టాను. డబ్బు కడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని నా లాయరు తర్వాత మందలించాడు. రశీదు మీద నా పేరు వద్దు, వాళ్ళ పేరే రాయించండి అని కూడా సలహా ఇచ్చాడు. ఇలాంటి సలహాలు ఆ రెండేళ్ళలో ఎన్నో విన్నాను, ప్రతిదీ చట్టం ప్రకారం సరైనదే.

స్టేషన్‌లో నన్ను నిజంగా కుంగదీసింది నోటీసు కాదు. సబ్ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్‌లో మా బండి నెంబరు కొట్టి చలానాల చరిత్ర తెరిచాడు. తొమ్మిదీ కనబడ్డాయి, ఒక్క బకాయి లేదు. నాలుగు ఒకే రోజున, సగం ధరకు. ఆయన తెర నా వైపు తిప్పి కన్నడంలో, కోపం లేకుండా, "నిమగె గొత్తిత్తల్వా సార్?" అన్నాడు. మీకు తెలుసు కదా అని. తెలియదని చెప్పడానికి వీల్లేదు, కట్టినవాడిని నేనే.

ప్రమాద స్థలంలోనే ఒక కానిస్టేబుల్ ఫోన్‌లో వివరాలన్నీ ఎక్కించాడు. దేశవ్యాప్త రోడ్డు ప్రమాదాల సమాచార వ్యవస్థ ఒకటి ఉంది, ఐరాడ్ అంటారు, ఐఐటీ మద్రాసు వాళ్ళు తయారుచేయడంలో పాలుపంచుకున్నారు. అందులో కారణం అనే గడిలో "అతివేగం" అని నింపాడు. కేంద్ర రవాణా శాఖ ఏటా వేసే నివేదిక ఇలాంటి నింపిన గడుల మొత్తమే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారనీ, ఆ మరణాల్లో 71 శాతం అతివేగం ఖాతాలోవేననీ ఆ నివేదికలో ఉంది. అంత పెద్ద అంకెలో ఒక గడి ఎలా నిండుతుందో, నిండేటప్పుడు ఆ రోడ్డు మీద గాజు పెంకులు ఎలా ఉంటాయో, ఆ ఉదయం చూశాను.

ఇక ఆ వీడియో. అది ఇరవై రెండు సెకన్లు. పాట గట్టిగా వినిపిస్తూ ఉంటుంది, స్పీడోమీటర్ ముల్లు 146 దగ్గర ఉంటుంది, పాట కింద మరో శబ్దం ఆగకుండా కీచుమంటూ ఉంటుంది. 2019 జూలై నుంచి తయారైన కార్లన్నిటిలో ఎనభై దాటితే అప్పుడప్పుడు, నూట ఇరవై దాటితే ఆగకుండా మోగే హెచ్చరిక తప్పనిసరి. ఆ హెచ్చరిక తన పని తాను చేస్తూనే ఉంది, నలుగురిలో ఒక్కరూ దాని గురించి మాట్లాడరు. ఎవరో "ఇంకా లాగరా" అంటారు. గొంతు మా వాడిది కాదు. కాలు మాత్రం వాడిదే.

మెకానికల్ ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు కదా అని, ఒక రాత్రి వాడి ముందు కాగితం పెట్టి లెక్క కట్టమన్నాను. కోపంతో అన్నాను, వాడు మాత్రం బుద్ధిగా కూర్చుని కట్టాడు. గంటకు 146 అంటే సెకనుకు నలభై మీటర్లకు పైనే. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీదికి పోవడానికి సెకనున్నర పట్టిందనుకుంటే, బ్రేకు తగలకముందే అరవై మీటర్లు గడిచిపోతాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా నొక్కినా ఆగడానికి మరో నూట పదిహేను మీటర్లు కావాలి. ఎనభై మీదైతే మొత్తం కలిపి డెబ్బై మీటర్లలో బండి నిలుస్తుంది. "వేగం రెట్టింపు కాలేదు కదరా, దూరం రెండున్నర రెట్లు ఎలా అయింది?" అన్నాను. "వేగానికి వర్గం నాన్నా, ఇంటర్‌లోనే చదివాను" అన్నాడు, తల ఎత్తకుండా. పోలీసుల స్కెచ్ ప్రకారం ఆ సందు దగ్గర మోటారు సైకిల్ కనబడే దూరం నూట ఇరవై మీటర్లకు తక్కువ లేదు. అంటే పరిమితిలో ఉండి ఉంటే, ఆ తెల్లవారుజామున ఒక హారన్, రెండు తిట్లతో పోయేది.

కారును మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ పరిశీలించాక, ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగింది కాదని నివేదిక వచ్చింది. ఇండెమ్నిటీ బాండ్ రాసి కోర్టు ద్వారా బండిని విడిపించుకోవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మరమ్మతు అంచనా 6,80,000 రూపాయలు. బీమా సంస్థ సర్వేయరు పెద్దమనిషిలా వచ్చి, టీ తాగి, ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజన్ సాఫ్ట్‌వేర్ కంపెనీది కాదని పది నిమిషాల్లో చెప్పాడు. వాహనంలో చేసిన మార్పును బీమా సంస్థకు తెలియజేయలేదన్న కారణంతో మా సొంత నష్టం క్లెయిమ్‌ను తోసిపుచ్చారు. ముప్ఫై అయిదు వేలు పోసి కొన్న ముప్ఫై అయిదు హార్స్‌పవర్ మాకు దాదాపు ఏడు లక్షలకు తేలింది. నేను పోట్లాడలేదు. పోట్లాడటానికి కాగితం లేదు.

ఆర్టీవో కార్యాలయం నుంచి లైసెన్సు ఎందుకు నిలిపివేయకూడదో చెప్పమని సంజాయిషీ నోటీసు వచ్చింది. వెళ్ళాం, పది నిమిషాల్లో ముగిసింది, ఆరు నెలలు సస్పెండ్ చేశారు. అక్కడి గోడ మీద ఒక పాత పోస్టరు చూశాను: ఏటా నవంబరు మూడో ఆదివారం రోడ్డు ప్రమాద బాధితుల సంస్మరణ దినమట, ఐక్యరాజ్యసమితి ప్రకటించినది. మా తేదీ సరిగ్గా ఆ ఆదివారమే. మా అబ్బాయి కూడా ఆ పోస్టరునే చూస్తున్నాడు, ఇద్దరం ఏమీ అనుకోలేదు.

క్రిమినల్ కేసు పాత శిక్షాస్మృతి కిందే నడిచింది, ఎందుకంటే ప్రమాదం కొత్త న్యాయసంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలైకి ముందు జరిగింది. 279 అంటే నిర్లక్ష్యంగా నడపడం, 338 అంటే తీవ్రగాయం కలిగించడం. రెండింటికీ జైలుశిక్ష ఉంది, కాని జరిమానా మాత్రమే వేసే వీలూ ఉంది, ఆ జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. 2024 మే నెలలో పుణె కల్యాణీనగర్‌లో పదిహేడేళ్ళ కుర్రాడు నడిపిన పోర్షే కారు ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను బలిగొన్న వార్త వచ్చినప్పుడు, అతనికి బెయిలు ఇస్తూ 300 పదాల వ్యాసం రాయమన్నారని దేశమంతా మండిపడింది. డ్రైవర్ మీదికి నేరం నెట్టే ప్రయత్నం జరిగిందన్న ఆరోపణ కూడా వచ్చింది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉరి తీయాలన్నవాళ్ళు ఉన్నారు. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. ఆ రాత్రి టీవీ చూస్తున్న మా బావమరిది లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు నెలలకు మా అబ్బాయి నేరం ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేట్ ఒక్కో సెక్షన్‌కు వెయ్యి చొప్పున రెండు వేలు జరిమానా వేశారు. నేను బెంగళూరు వన్ వరుసలో నిలబడి మిగిల్చానని చెప్పుకున్న సొమ్ము కూడా సరిగ్గా అంతే. బయటికి వచ్చాక లాయరు అభినందించబోయాడు, మా అబ్బాయి చెయ్యి ఇవ్వలేదు. అమెరికా వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి అవునని రాసి, కోర్టు తీర్పు నకలు పట్టుకుని వెళ్ళాలి. తోటివాళ్ళు వెళ్ళిపోయారు, వాడు ఇంకా దరఖాస్తు పెట్టలేదు. రోజూ మెట్రోలో ఉద్యోగానికి వెళుతున్నాడు. లైసెన్సు తిరిగి వచ్చింది, దాన్ని పర్సులో పెట్టుకోలేదు.

అన్నిటికన్నా నెమ్మదిగా నడిచింది పరిహారం కేసు. బెంగళూరులో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ స్మాల్ కాజెస్ కోర్టులో ఉంటుంది. కట్లు, చేతికర్రలు, స్కానింగ్ కవర్లు, నడవ నిండా వాళ్ళే. అందులో మొదటి ప్రతివాదిని నేను, రెండో ప్రతివాది బీమా సంస్థ. నడిపినవాడికి చెల్లే లైసెన్సు ఉంది కాబట్టి ఎదుటివారి గాయానికి చెల్లించాల్సింది బీమా సంస్థే, నా జేబులోంచి రూపాయి కదలదని లాయరు మొదటి రోజే చెప్పాడు. బీమా సంస్థ లాయరు ఆ కుర్రాడే చూసుకోకుండా మలుపు తిప్పాడని వాదించాడు. వీడియోలోని 146 ముందు ఆ వాదన నిలవలేదు.

తీర్పు 2025లో వచ్చింది. మూడు ఆపరేషన్ల తర్వాత కుడి కాలు రెండు సెంటీమీటర్లు పొట్టిగా మిగిలింది. డాక్టరు కాలికి 36 శాతం వైకల్యం అన్నాడు. మొత్తం శరీరానికి లెక్క కట్టేటప్పుడు అందులో మూడో వంతు తీసుకోవడం ఇక్కడ వాడుక, అంటే 12 శాతం. సంపాదన నష్టాన్ని ఎన్నేళ్ళ లెక్కన కట్టాలో చెప్పే గుణకం ఇరవై నాలుగేళ్ళ వయసుకు 18, అది 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఖరారు చేసిన పట్టికలోది. నెలకు పద్దెనిమిది వేల జీతం, పన్నెండు నెలలు, పద్దెనిమిది రెట్లు, అందులో 12 శాతం: భవిష్యత్తు సంపాదన కింద 4,66,560 రూపాయలు. దీనికి వైద్య ఖర్చులు, బాధకు కొంత, వడ్డీ కలిపారు. బరువులు ఎత్తే పని ఇక చేయలేడు కాబట్టి కార్గో కాంట్రాక్టరు అతన్ని ఎప్పుడో మాన్పించేశాడు. ఇప్పుడు ఊళ్ళో మొబైల్ రీచార్జి దుకాణంలో కూర్చుంటున్నాడు. మామిడి కోతల కాలంలో వాయిదాలకు రాలేకపోయిన ఆ తండ్రి తీర్పు రోజున వచ్చారు. లాయరు లెక్క వివరించి చెప్పాక, నన్ను చూడకుండా, "మావాడి కాలు పన్నెండు శాతమేనంట" అన్నారు. నేను ఇంకేదైనా ఇవ్వగలనా అని అడుగుదామనుకుని, ఎలా అడగాలో తెలియక నిలబడిపోయాను. ఆయనకు బస్సుకు వేళయింది.

కారును బాగు చేయించాను కాని ఎవరమూ ఎక్కలేదు. పాత సాఫ్ట్‌వేర్ తిరిగి వేయించి, నిరుడు దీపావళి తర్వాత అమ్మకానికి పెట్టాను. చూడటానికి వచ్చిన కుర్రాడికి ఇరవై రెండు ఉంటాయి, కడప వైపు యాస, చక్కగా అంకుల్ అని పిలిచాడు. ప్రమాదం సంగతి దాచకుండా చెప్పాను. అతను బానెట్ తెరిచి, "మ్యాపింగ్ ఇంకా ఉందా అంకుల్?" అని అడిగాడు. ఆ సాఫ్ట్‌వేర్ మార్పు తీసేశామన్నాను. "పరవాలేదు, నేను చేయించుకుంటాను" అన్నాడు. అప్పుడు నేను ఏదో చెప్పాలి. చెప్పలేదు. ధర బాగుంది, నెలనెలా కంతులు ఇంకా నడుస్తున్నాయి. పేరు మార్పిడికి కావలసిన 29వ ఫారం, 30వ ఫారం మీద సంతకాలు పెట్టి తాళాలు రెండూ ఇచ్చేశాను.

పేరు మార్పిడి ఆర్టీవోలో ఇంకా పూర్తికాలేదు కాబట్టి, మూడు వారాల తర్వాత సందేశం నా ఫోన్‌కే వచ్చింది. విమానాశ్రయం రోడ్డు, రాత్రి పదకొండు దాటాక, అదే నెంబరు, వేగం 117. ఫొటో తెరిచి చాలాసేపు చూశాను. అతనికి ఫోన్ చేస్తే, "అయ్యో, సారీ అంకుల్, ఇప్పుడే కట్టేస్తాను, వెయ్యే కదా, మీరేం కంగారుపడకండి" అన్నాడు. కట్టడం సంగతి తర్వాత చూద్దాం అని, వాళ్ళ నాన్నగారి నెంబరు ఇమ్మన్నాను. అవతల కాసేపు మాట లేదు. "ఎందుకు అంకుల్?" అన్నాడు. ఇచ్చేదాకా ఫోన్ పెట్టనని చెప్పి, కాగితం, కలం దగ్గరికి లాక్కున్నాను.